చౌక టిక్కెట్టు – విధివ్రాత

“చౌక టిక్కెట్టు కొన్నవాడి ప్రాణం కూడా చౌకే, మాస్టారూ!” అని గవర్నరుపేటలో మా యరుగుమీఁదఁ గూర్చుండి యొక పెద్దమనిషి మొన్న సెలవిచ్చెను. “ఎవరి నుదుట ఏం రాసి వుందో!” అని వేఱొకరు నిట్టూర్చిరి. ఈ రెండు మాటలును వేర్వేఱుగఁ దోఁచును గాని యొక్క తల్లి బిడ్డలే. మొదటిది బీదవానిని దోషినిఁ జేయును. రెండవది నిజమైన దోషిని విడిచిపుచ్చును.

మొదటి మాటను విచారింతము. 2003వ సంవత్సరము ఆగస్టులో ఎయిర్ డెక్కను సంస్థ చౌక విమానయానము నారంభించెను. ఆ సెప్టెంబరులోనే హైదరాబాదునుండి మన విజయవాడకు బయలుదేఱిన దాని తొలి విమానపు యంత్రమున మంటలు లేచెను. ఎవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు. అందుఁ గూర్చున్నవారు బీదలా? వెంకయ్యనాయుడుగారు మొదలగు ప్రముఖులు! అగ్నిహోత్రునకు టిక్కెట్టు వెలతోఁ బనిలేదు. 2025 జూన్ 12వ తేదీని అహమ్మదాబాదులోఁ గూలిన లండను విమానము చౌకసంస్థది కాదు. అందలి 242 మందిలో నొక్కఁడు మాత్రమే బ్రతికెను. గల్ఫుదేశములఁ బనిచేయు మన గోదావరిసీమ స్త్రీ, తల్లి చావునకైన నందుకొనఁగలుగుచున్నది చౌక టిక్కెట్టు వలననే. దానిని వెక్కిరించు నోరు ధర్మము పలుకు నోరు కాదు.

ఇఁక రెండవ మాట. నా కప్పుడు పండ్రెండేండ్లు. 1993 నవంబరు 15వ తేదీని మద్రాసునుండి హైదరాబాదునకుఁ బోయిన ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము, అచటఁ జూపానక, దిగుట మాని వెనుకకు మరలెను. దిగునపుడు ఱెక్కలనుండి చాచు పలకలు మరల ముడుచుకొనక బిగిసిపోయెను. అట్టి స్థితిలో నింధన మధికముగాఁ గాలును. మద్రాసు చేరుట కది చాలదయ్యెను. కడకా విమానము తిరుపతిసమీపమున వరిపొలములో వాలెను. లోపలనున్న 262 మందియు బ్రతికిరి.

నేను తిరుపతిలో మా మేనత్తగారింట నుంటిని. మఱునాఁడు మామయ్య నన్ను సైకిలుమీఁద నెక్కించుకొని యచటికిఁ దీసికొనిపోయెను. మడిలోఁ బడియున్న యా మహాకాయమును జూచి జనులు “గోవిందా!” యని చేతులు మోడ్చుచుండిరి. “పెట్రోలు ఎందుకు చాలలేదు, మామయ్యా?” అని యడిగితిని. “స్వామి కాపాడితే కారణాలడుగుతావుట్రా? లెంపలేసుకో!” అని యాయన గద్దించెను. వేసికొంటిని. లెంపల మంట చల్లాఱినది గాని నా ప్రశ్న నేఁటికిని జల్లాఱలేదు.

భక్తిని నేను దూషింపను. కాని 262 మందిని గాచినవాఁడు స్వామియే యైనచో, 2010 మే 22వ తేదీని మంగుళూరులో 158 మందిని విడిచినవాఁ డెవఁడు? ఆ విమానము దుబాయినుండి మనదేశపుఁ గూలిజనమును దెచ్చుచుండెను. విచారణసంఘము చెప్పిన దేమి? ప్రధానచోదకుఁడు దారిలో గంటన్నరకుఁ బైగా నిద్రించెను. నిద్రమబ్బు వీడకయే విమానమును దింపఁబూనెను. దిగవలదు, మరల పైకి లేపుమని సహచోదకుఁడు మూఁడు మాఱులు చెప్పినను వినలేదు. ఇది విధివ్రాతయా? మనిషి యలసట! విధి కలసిపోదు, నిద్ర రాదు. అలసట మనుష్యునిది గనుక దానికి మందును మనుష్యునియొద్దనే యున్నది.

ఆ మందు కొంత చేతి కందినది. చోదకులకు వారమునకు 36 గంటలుగా నున్న విశ్రాంతిని 48 గంటలు చేసి, రాత్రివేళ దింపుటల సంఖ్యను ఆఱునుండి రెంటికిఁ దగ్గించుచు 2025లో నియమము లమలులోనికి వచ్చెను. ఏమైనది? డిసెంబరులో ఇండిగో సంస్థ తగిన చోదకులను సిద్ధపఱచుకొనమి వేలకొలఁది ప్రయాణములు రద్దయ్యెను. పరీక్షలకుఁ, బెండ్లిండ్లకుఁ బోవలసినవారి యవస్థ నిజమే. ఆ కేకలకు జడిసిన ప్రభుత్వము సంస్థను దండించుటకు ముందే నిద్రానియమమును సడలించి, రాత్రిపనివిషయమున 2026 ఫిబ్రవరి 10 వఱకు దానికి మినహాయింపు నిచ్చెను. అప్పటి విమానయానమంత్రి మన శ్రీకాకుళపుఁ దెలుఁగువాఁడే. తప్పు సంస్థది, తొందర మనది. కోఁత పడినది చోదకుని నిద్రకు!

చదువరులారా! మన యిండ్లలో బియ్యమును బేరమాడి కొందుము. అందు ఱాళ్లుండినఁ గొందుమా? టిక్కెట్టునకు బేరమాడుఁడు, తప్పులేదు. భోజనము వలదనుఁడు, కాళ్లు ముడుచుకొని కూర్చుండుఁడు. కాని మిమ్ము మోయువాని నిద్ర బేరపు సరకు కాదు. “చోదకునకు విశ్రాంతి చాలక విమాన మాలస్యము” అని చెప్పిననాఁడు గన్నవరములో బల్ల చఱచి కేకలు వేయకుఁడు. చోదకులను ముందే యేల నియమింపలేదని సంస్థ నడుగుఁడు. నియమము నేల సడలించితి రని ప్రభుత్వము నడుగుఁడు. దైవమును నమ్మువారును బురుషకారమును విడువరాదని మన శాస్త్రకారులే చెప్పిరిగదా!

అన్నిటికంటె ముఖ్యముగా, మీ బిడ్డ “ఎందుకు?” అని యడిగినపుడు లెంపలు వేసికొను మనకుఁడు. ఆ ప్రశ్న నడుగనేర్చినవాఁడే యొకనాఁడు వందలమందిని నేలకు సుఖముగా దింపఁగలుగును.