గబ్బిలముపై అభియోగము

నిపా వ్యాధి పొడచూపినప్పుడెల్ల "గబ్బిలములను చంపుడు, అవి వ్రేలాడు చెట్లను నరుకుడు" అను కేక వినవచ్చుచున్నది. 2018 మే నెలలో కేరళమున కోళిక్కోడు, మలప్పురము జిల్లాలలో 17 మంది యీ వ్యాధికి బలియైరి. రోగికి పరిచర్య చేసిన నర్సు వారిలో నొకతె. అట్టి దుఃఖమునుండి పుట్టిన కోపమును తేలికగా త్రోసివేయరాదు. కాని కోపము తీర్పు కాజాలదు. అభియోగమును వినిన పిమ్మట ప్రతివాది పక్షమును గూడ వినుట న్యాయస్థానమునకే గాక ప్రజలకును ధర్మము.

పండ్లు తిను పెద్దగబ్బిలములు నిపా వైరసును మోయుచున్నవనుట నిజమే. దానిని కాదనుట మా యుద్దేశము కాదు. మనుష్యుని కొలది దినములలో కూల్చు వైరసును కడుపున నుంచుకొని యా జంతువు సుఖముగ నెట్లు జీవించుచున్నదన్నదే ప్రశ్న.

మన దేహమున వైరసు ప్రవేశించినప్పుడు ఇంటర్ఫెరాను అను హెచ్చరిక పదార్థము పుట్టును. అది దొంగ చొరబడిన పిమ్మట లేచు కావలివాని వంటిది. ఆస్ట్రేలియాలోని నల్ల పెద్దగబ్బిలములందు ఈ కావలివాడు నిదురింపడు. వైరసు లేనివేళను మేల్కొనియే యుండునని 2016లో వెల్లడియైనది. మరియు క్షీరజంతువులలో రెక్కలాడించి యెగురగలది గబ్బిలమొక్కటే. ఆ మహాశ్రమలో జీవకణములు గాయపడి డి.ఎన్.ఏ. తునుకలు చెదరుననియు, వానిని చూచి దేహము ప్రతిమారును మండిపడినచో గబ్బిలము బ్రదుకజాలదనియు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఆ తునుకలను కనిపెట్టి గగ్గోలు పెట్టించు స్టింగ్ అను మాంసకృత్తు గబ్బిలములలో మందగించియున్నదని 2018లోను, వాపును రగుల్చు ఎన్.ఎల్.ఆర్.పి.3 అను మరియొకటి అణగియున్నదని 2019లోను కనుగొనిరి. మనుష్యుని చంపునది పెక్కుసారులు వైరసు మాత్రమే కాదు, దానిని తరుముటకై దేహమే రేపిన మంట. గబ్బిలము వైరసును హద్దులో నుంచును. తన యిల్లు తాను తగులబెట్టుకొనదు.

అయినను ఈ సమతూకము తిండి, నెలవు గల జంతువునకే నిలుచును. ఆస్ట్రేలియాలో 1994లో హెండ్రా వైరసు బయటపడి గుఱ్ఱములను, వానిని పెంచిన మనుష్యుని పొట్టనబెట్టుకొనెను. ఇరువదియైదేండ్ల లెక్కలను పరిశీలించి 2022లో ప్రకటించిన ఫలితమేమనగా: అడవులు తరిగి తిండి కరువైన యేండ్లలో గబ్బిలములు ఊళ్లకును పొలములకును చేరినవి, వైరసు గుఱ్ఱములకు సోకినది, శీతకాలమున అడవిచెట్లు విరగబూసిన యేండ్లలో అవి అడవికి మరలినవి, వ్యాధియు ఆగినది. ఇక ఈ నేరమున మొదటి ముద్దాయి యెవరో చదువరులే చెప్పవలయును.

చంపుటచే మేలు కలుగునందురా? అదియు చేసి చూచిరి. యుగాండాలో కిటాక గనియందు 2007లో మార్బర్గ్ వ్యాధి పుట్టగా, మరుసటి యేట గనిలోని గబ్బిలములను వేలకొలది మట్టుపెట్టిరి. 2012లో ఆ ప్రాంతముననే వ్యాధి మరల ప్రబలెను. గనికి తిరిగివచ్చిన గబ్బిలములను పరీక్షింపగా, మునుపు నూటికి అయిదింటియందున్న వైరసు ఇప్పుడు నూటికి పదుమూటియందు కానవచ్చెను. శిక్ష నేరమును పెంచినదే గాని తగ్గింపలేదు.

మన శాసనమును కొంతకాలము తప్పుదారినే నడచినది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము పండ్లు తిను గబ్బిలమును కాకులు, ఎలుకలతో కలిపి హానికరజంతువుల పట్టికలో నుంచెను. ఆ పట్టికను 2022 నాటి సవరణ తొలగించెను. కాని కాగితముమీది పట్టిక పోయినంతమాత్రమున మనస్సులోని పట్టిక పోవునా? ఇప్పపూలకు పరాగమును చేర్చుచు, విత్తులను దూరదూరమునకు మోసి అడవిని నాటు జీవిని అపశకునమని తిట్టుట మనకింకను మానలేదు.

మరి చేయవలసినదేమి? మలేషియాలో 1998-99లో 105 మంది మరణించిరి. అచట పండ్లతోటల నీడను పందుల దొడ్లు కట్టిరి. గబ్బిలములు కొరికి విడిచిన పండ్లు పందుల నోటబడెను. ఎడము పాటించుటయే ఇందలి పాఠము. బంగ్లాదేశమున ఖర్జూరపు చెట్ల రసమునకై కట్టిన కుండలపై వెదురుతడికలు కట్టగా గబ్బిలములు రసమును ముట్టజాలకపోయినవి. తుపాకీ చేయలేని పనిని తడిక చేసినది. పక్షులో గబ్బిలములో కొరికిన పండును తినకుడు. మూతలేని కుండలోని పచ్చిరసమును త్రాగకుడు. రోగిని తాకు నర్సుకు చేతితొడుగులును, ముఖమునకు ముసుగును కొరతపడకుండ ప్రభుత్వమువారిని నిలదీయుడు. ఊరి మఱ్ఱిపై గొడ్డలి పడునప్పుడు అడ్డము నిలువుడు.

శత్రువును చంపుటకన్న మన సరిహద్దును కాచుకొనుట కష్టము. అందుకు నిత్యజాగరూకత వలయును. స్వపరిపాలనమును కోరి పొందిన జాతికి ఆ జాగరూకత క్రొత్తదికాదు. నిదురింపని కావలియు, హద్దు మీఱని కోపమును గబ్బిలము నెత్తుటనే యున్నవి. అవి మన పంచాయతీలలోను, ఆసుపత్రులలోను నెలకొన్ననాడే ఈ వ్యాధికి మందు దొరికినట్లు.