ధూళికట్ట స్తూపము - మన బాధ్యత

గోదావరీతీరమునకును బౌద్ధమునకును గల సంబంధము మిగుల ప్రాచీనమైనది. అశ్మకదేశమున నీ నది యొడ్డున నివసించిన బావరియను వృద్ధుడు తన పదునార్గురు శిష్యులను బుద్ధునికడకు బంపెనని సుత్తనిపాతము చెప్పుచున్నది. ఆ నెలవు నేటి నిర్మల జిల్లాలోని బాదనకుర్తి యని కొందఱు పండితుల యభిప్రాయము. గోదావరిలో గలియు మానేటి పరిసరములందు, పూర్వము కరీంనగరు జిల్లాలోనిదై యిపుడు పెద్దపల్లి జిల్లాలో జేరిన ధూళికట్ట గ్రామము గలదు.

అచ్చట వాగు యొడ్డున శాతవాహనులనాటి మట్టికోటయు, దానికి సమీపమున బౌద్ధస్తూపమును గలవు. 1970వ దశకమున పురావస్తుశాఖవారు త్రవ్వింపగా నిటుకల కట్టడమును, దానికి దాపిన సున్నపురాతి ఫలకములును బయల్పడినవి. ఒక ఫలకముపై నైదు పడగల ముచిలిందనాగము చెక్కబడియున్నది. బుద్ధుని మానవరూపమున జూపక గుర్తులచేతనే సూచించు తొలినాటి సంప్రదాయ మిందు గానవచ్చును. చెట్లక్రింద నాగశిలలను గొలుచు మన పల్లెవారి కా పడగలు పరాయివి కావు.

ఇట్టి దానిని గాపాడవలసినవారెవరు? సర్కారువారే యని పెక్కుమంది తలంతురు. మాకట్లు తోచదు. కంచెయు కావలివాడును మాత్రమే చాలరు. పాటిగడ్డల మన్ను పైరులకు సత్తువనిచ్చునని బండ్లపై దోలుకొనుట మన సీమలో పాతయలవాటు. ఆ మన్నుతోడనే పూసలును, నాణెములును, కుండపెంకులును చెల్లాచెదరగును. బీదరైతును నిందించి ఫలము లేదు. అతనికి గావలసినది పంట. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడికమన్ను పొలములకు జేరినది. అట్టి మన్ను సులభముగా దొరకెనేని, రైతు పాటిగడ్డ జోలికి బోడు.

ఊరివారి శ్రద్ధ యెంతపని చేయునో కోటిలింగాల తెలుపుచున్నది. అచ్చటి నాణెములను స్థానికుడొకరు ఏరి భద్రపఱచుటచేతనే పరబ్రహ్మశాస్త్రిగారు వానిని బరిశీలించి శాతవాహన వంశకర్తయగు సిముకుని నాణెములను లోకమునకు దెలుపగలిగిరి.

కావున విద్యార్థులారా! పాతవస్తువు కంటబడినయెడల జేబున వేసికొనకుడు. దొరకిన చోటును గుర్తుపెట్టుకొని యుపాధ్యాయులకు జెప్పుడు. పదిరూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరుకు దెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించినది. తల్లిదండ్రులారా! సెలవుదినమున నొకమారు బిడ్డలను ధూళికట్టకు దోడ్కొనిపొండు. స్తూపమును గట్టినవారి మతము మనది కాకపోవచ్చును. ఊరు మనదే, వాగు మనదే. మనము గాపాడనిచో మన మనుమలకు మిగులునది దిబ్బయొక్కటే.