జంతుప్రదర్శనశాలలో మా సీమ తోడేలు

మా కొత్తచెరువునుండి హైదరాబాదు పోవువారు వైద్యమునకో, ఉద్యోగమునకో, బిడ్డల కాపురములు చూచివచ్చుటకో పోవుదురు గాని, కేవలము మృగములను జూచుటకై బండి యెక్కినవారు మా యెఱుకలో లేరు. మేమును అట్లు పోలేదు. మా ఆడుబిడ్డ అచ్చట గృహప్రవేశము చేసికొనగా, అత్తగారిని, పిల్లలనిద్దఱిని వెంటబెట్టుకొని ధర్మవరమున రాత్రి రైలెక్కి తెల్లవాఱునప్పటికి కాచిగూడలో దిగితిమి. శుభకార్యము ముగిసినది. తిరుగు ప్రయాణమునకు ఇంక రెండు మూడు దినములు వ్యవధి యున్నది. జూపార్కు చూడనిదే ఊరికి రామని పిల్లలు పట్టుపట్టిరి. మఱునాడు సోమవారము, ఆనాడు జంతుశాలకు సెలవని ఆడుబిడ్డ చెప్పుటచే మంగళవారమునకు నిశ్చయించితిమి. ఈ సంగతి తెలియక దూరమునుండి వచ్చి, మూసిన తలుపులు చూచి మఱలిపోవువారు కలరట. చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

అత్తగారు మొదట రామనిరి. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. "ఈ వయసులో నాకు పులులెందుకమ్మే, ఇంటికాడ కూర్చోని కృష్ణా రామా అనుకుంటా" అని కాళ్ళు చాచుకొని కూర్చుండిరి. అంతలో మా చిన్నవాడు "అవ్వా, ఆడ తోడేలు గూడా ఉండాదంట" అనెను. ఆమె మాఱుమాటాడక చీర మార్చుకొనుటకు లోనికి బోయిరి.

తోడేలు కథ మా యింట నెఱుగనివారు లేరు. అత్తగారి పుట్టినిల్లు బుక్కపట్నము దాపుల నొక పల్లె. ఇంట గొఱ్ఱెలమంద యుండెడిది. పదియేండ్ల ప్రాయమున ఆమెయే మందవెంట బోయెడివారు. ఈనిన మఱునాడే తల్లి చచ్చిన నల్లపిల్ల నొకదానిని మేకపాలు పట్టి తన ప్రక్కలో పండుకొనబెట్టుకొని పెంచిరి. ఒక వేసవి సాయంకాలమున, కుంటలెల్ల నెండి ఒకదాని నడుమ కాసింత బురదనీరు మాత్రమే మిగిలియుండగా మంద నచ్చటికి తోలిరి. తుమ్మచెట్ల చాటునుండి తోడేలు వచ్చి, ఆమె కండ్లయెదుటనే ఆ పిల్ల గొంతు పట్టుకొని, ఒక్కతూరి ఆమెవంక జూచి పోయినది. కేక వేయుటకు నోరు పెగలలేదట. తండ్రి తిట్టలేదు, కొట్టలేదు. మఱునాటినుండి మందవెంట తమ్ముని పంపెను. మూడేండ్లకు పెండ్లియాయెను. "అది పిల్లనొక్కదాన్నే ఎత్తుకపోలా" అని ఆమె ఇప్పటికిని అనుచుందురు. ఆ మాటకు అర్థము మాకు పెండ్లియైన క్రొత్తలో తెలియలేదు.

హైదరాబాదు జంతుప్రదర్శనశాలకు జవహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టిరి. 1959లో పునాది వేసి, 1963 అక్టోబరు 6వ తేదీన జనులకు తెఱచిరి. మీరాలం చెఱువు నానుకొని 380 ఎకరముల విస్తీర్ణము గల వనమది. ఆ చెఱువు కట్ట మన కట్టలవంటిది కాదు. మట్టికట్టకు బదులు అర్ధచంద్రాకృతిగల రాతికమానులను ప్రక్కప్రక్కల జేర్చి నీటి నాపినారు. నీరు చూచిన చోట నిలిచిపోవుట మా సీమవారి కలవాటు గదా. పిల్లలు చేయిపట్టి లాగువఱకును మేమక్కడనే యుంటిమి. అంతకు పూర్వము నగరము నడుమనున్న బాగె ఆమ్ తోటలో చిన్న జంతుశాల యుండెడిది. అచ్చటనుండి 1963లో తెచ్చిన గాలపాగోస్ ద్వీపముల జాతి పెద్ద తాబేలొకటి 2024లో, 125 ఏండ్ల ప్రాయమున గతించినది. ఈ మాట వినినప్పుడు అత్తగారు "నాకంటే పెద్ద ముత్తైదువ" అని నవ్విరి. అది మగతాబేలని, పేరు చాణక్యుడని మేము చెప్పవలసివచ్చెను.

లోన అడుగుపెట్టగానే మాకాశ్చర్యము గలిగించినది మృగములకును మనకును నడుమ ఇనుపకటకటాలు చాలచోట్ల లేకుండుట. సింహమున్న తావునకు చుట్టును లోతైన కందకము; ఆవల చెట్లు, గుట్టలు. ఈ పద్ధతిని జర్మనీదేశమున హాంబర్గు నగరము చెంత కార్ల్ హాగెన్‌బెక్ అను మృగవర్తకుడు 1907లో ప్రసిద్ధికి దెచ్చెను. ఏ మృగ మెంత దూరము దుమకగలదో ముందుగా పరీక్షించి, దానికి మించిన వెడల్పున కందకము త్రవ్వించెనట. కందకమును మనము దాటలేము, అదియు దాటలేదు. కాని ఊపిరి దాటినది. 2021 మే నెలలో ఈ వనమందలి ఎనిమిది సింహములకు కరోనా సోకినట్లు హైదరాబాదునందలి శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. దైవకృపచే అవి కోలుకొన్నవి. ఆ దినములలో మన యిండ్లయందు మనము పడిన బాధలు తలచుకొని, చెట్టునీడను వెల్లకిల పండుకొనియున్న ఆ సింహమును జూచి జాలిపడితిమి.

నీటియేనుగు మడుగునొద్ద అత్తగారికి కోపము వచ్చినది. అనంతపురపు సీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదియు కురిసిన ఏడు కురియును, లేనియేడు లేదు. బిందె నీటికి మైలు నడచిన కాలు ఆమెది. "ఒక్క జీవం మునిగి తేలేదానికి ఇన్ని నీళ్ళా! మన కాడ పెండ్లికి గూడా ఇన్ని దొరకవే" అనిరి. ఆఫ్రికాఖండమున పుట్టిన ఆ మృగము చర్మము ఎండలో పగులును, పగలెల్ల నీటిలో నుండనిదే బ్రతుకజాలదు అని మేము నచ్చజెప్పితిమి. "అట్లైతే ఉండనీలే" అని శాంతించిరి.

కృష్ణజింకలయొద్ద మాత్రము ఆమె కేమియు నచ్చజెప్పజాలకపోయితిమి. "ఇవి మన శెనక్కాయ చేన్లలో పడి మేసేటివే కదా. వీటిని చూసేదానికి టిక్కెట్టా?" అనిరి. ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము కృష్ణజింకయే యని చెప్పగా, ఆ మాట చేను గలవారితో చెప్పమనిరి.

తెల్లపులి సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. జనులు దానియొద్దనే గుంపులుగా మూగుదురు. అది వేఱొక జాతి కాదు, బెంగాలుపులియే. తల్లిదండ్రులిద్దఱినుండియు అణగియున్న ఒక లక్షణము కూడివచ్చినచో మాత్రమే ఆ తెలుపు కలుగును. 1951లో రీవాసంస్థానపు మహారాజు అడవిలో పట్టించిన మోహనుడను మగకూనయే మన జంతుశాలలయందలి తెల్లపులులకు మూలపురుషుడు. అడవిలో మఱియొకటి దొరకనందున, తెలుపు నిలుపుటకై ఆ మోహనునికి దాని కూతురినే జత చేసిరి. ఆ వంశమున మెల్లకన్ను మొదలగు లోపములు పుట్టుచు వచ్చినవి. అత్తగారు వినుచు వినుచు, "అంటే మేనరికం కంటే దగ్గరి సంబంధం" అనిరి. మా వివాహమును మేనరికమే. ఆ విషయమై వేఱొక మాసమున వ్రాసెదము.

రాత్రించరముల గృహమొకటి కలదు. అందు పగలు చీకటి, రాత్రి దీపములు. ఇట్లు కాలమును తలక్రిందు చేసినందున, రాత్రివేళ మేల్కొను జంతువులను మనము పగలు చూడగలము. గుడ్లు మిటకరించు దేవాంగపిల్లి కొమ్మ పట్టుకొని ఒక్కొక్క చేయి మెల్లగా జాపుచు నడచుట చూచి మా యమ్మాయి ఊపిరి బిగబట్టినది. చీకటికి కన్ను అలవాటు పడువఱకు నిలిచియుండవలెను. తొందరపడి వచ్చినవారు "ఏమియు లేదు" అని వెడలిపోవుచుండిరి.

ఇక మా తప్పొకటి యొప్పుకొనవలెను. ఇంటినుండి ఉడుకబెట్టిన శెనక్కాయలు, బొరుగుల ఉంటలు తెచ్చుకొంటిమి. కోతుల తావున మా చిన్నవాడు పిడికెడు కాయలు విసరెను. తప్పని మాకు తోచనే లేదు. హనుమంతుని గుడిలో చేయునదే గదా. కాపలావాడు పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, మీరొక్కరే వేస్తే పర్వాలేదు. దినానికి వేలమంది వస్తారు" అనెను. కొందఱు కాగితపు పొట్లముతో, మఱికొందఱు ప్లాస్టికు సంచితోనే విసరుదురట; ఉప్పుకారము లంటిన సంచిని జింకలు మ్రింగిన, అది కడుపులో చుట్టుకొని ప్రాణము తీయును. మాకు తల వంచుకొనవలసివచ్చెను. పిల్లవానిని దండింపలేదు, నేర్పినవారము మేమే గనుక.

తోడేలు తావు జేరునప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చినది. అత్తగారు అంతవఱకు మా చేయి పట్టుకొని నడచినవారు, చేయి విడిచి ముందు బోయిరి. బూడిదవన్నె, సన్నని కాళ్ళు, ఊరకుక్కకంటె కొంచెము పొడవు. కంచెవెంట ఈ కొసనుండి ఆ కొసకు, మఱల ఈ కొసకు నడచుచున్నది. నడచిన దారి నేలమీద గాడివలె పడియున్నది. చాలసేపు చూచి ఆమె, "ఇంతేనా?" అనిరి. "ఇంత పెద్దది" అని మాకెల్లకాలమును చేయెత్తి చూపినవారు.

పని చేయువాడు తొట్టిలో నీరు నింపుచుండగా ఆమె వానిని పలుకరించిరి.

"దీనికి ఏం పెడతారు నాయనా?"

"మాంసమే అవ్వా. వారానికి ఒక దినం ఏమీ పెట్టము. అడివిలో రోజూ దొరకదు కదా, కడుపుకు అదే మంచిది."

"మేమూ శనివారం ఒక్కపొద్దుంటాం" అని ఆమె తోడేలువంక జూచిరి.

పిల్లలు బొమ్మరైలెక్కుదమని తొందరపెట్టిరి. వారిని ఆడుబిడ్డ తీసికొనిపోయెను. మేమును అత్తగారును చెట్టుక్రింది తిన్నెమీద కూర్చుంటిమి. అరగంట యైనది. అది నడక మానలేదు. నిండిన తొట్టి ప్రక్కనుండియే పోవుచు, దానివంకయైన చూడకుండెను.

"ఆ పొద్దు అది గూడా నీళ్ళకే వచ్చింటాదమ్మే" అనిరి అత్తగారు. "కుంటలో ఉండేది అంతే కదా. నా పిల్ల దొరికింది, పట్టింది. ఈడ తొట్టినిండా నీళ్ళుండాయి, తాగే మనసు లేదు సూడు దానికి."

మేము బదులు చెప్పలేదు. ఆమె కన్నీరు పెట్టుకొనలేదు గాని, కొంగుతో మొగము మాటిమాటికి తుడుచుకొనుచుండిరి.

ఇంటికి వచ్చినపిమ్మట ఆ తోడేలునుగుఱించి కొంత చదివితిమి. మనదేశపు తోడేళ్ళు దట్టమైన అడవులలో కంటె మా సీమవంటి మెట్టబీళ్ళలో ఎక్కువగా బ్రతుకును. కుందేళ్ళు, జింకపిల్లలు, గొఱ్ఱెలు వాని యాహారము. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమున వానికి పులితో సమానమైన రక్షణ యిచ్చిరి. ఐనను దేశమంతట కలిపి మూడువేలకు అటునిటుగా మాత్రమే మిగిలియున్నవని లెక్కించినారు. బీళ్ళు కొన్నిచోట్ల చేలాయెను, కొన్నిచోట్ల సౌరవిద్యుత్తు పలకల క్రింద బోయెను, ఊరకుక్కలనుండి రోగములంటుచున్నవి. మృగములను బంధించుట పాపమని అత్తగారి వాదము. ఇదే హైదరాబాదు జంతుశాలలో 2010 మొదలు మూషికజింకలను పెంచి, వాని సంతతిని నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. అట్టి పని బంధించనిదే జరుగునా యని మావాదము. కాని ఆ గాడిపడిన దారి జ్ఞాపకము వచ్చినప్పుడు మా వాదము మాకే పలుచనైపోవుచున్నది. బీడులో విడుచుటకు బీడు మిగిలియుండవలెను గదా.

పోయినవారము సాయంకాలము మా వీథివెంట గొఱ్ఱెలకాపరి యొకడు మందను తోలుకొనిపోవుచుండగా అత్తగారు అరుగుమీదనుండి పిలిచి, "ఏం నాయనా, గుట్టల్లో తోడేళ్ళు కనపడతాండాయా?" అని యడిగిరి. "యాడివవ్వా, ఆరేడేండ్లాయ. ఇప్పుడు కుక్కలదే బాధ" అని వాడనెను. ఆమె కొంతసేపు మందనే చూచుచుండిరి. పిదప "అట్లైతే కుక్కల్ని చూసుకో" అని, మా యమ్మాయిచేత రెండు బొరుగుల ఉంటలు తెప్పించి వాని చేతబెట్టిరి.