గుత్తి రాయి మీద గేటు మ్యాన్ పేరు

విశాఖ కేంద్రంగా వచ్చే దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో గుంతకల్లు డివిజన్ కూడా ఉంటుందని కేంద్రం 2019లోనే చెప్పింది. 2025 జనవరి 8న జోన్ ప్రధాన కార్యాలయానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. గుంతకల్లుకు జోన్ మారడం కొత్త కాదు, 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. జోన్ మారితే బోర్డులు మారతాయి. ఆ పెయింటు ఖర్చులోనే ఒక పేరు రాయించమని అడగడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఆ పేరు హంపన్న.

హంపన్న గుంతకల్లులో రైల్వే గేటు మ్యాన్. 1893 అక్టోబరు 4న కొందరు తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. తుపాకీతో కాల్చారు, ప్రాణం పోయింది. గుత్తి వకీలు కేశవ పిళ్లై ఈ సంగతిని పత్రికకెక్కించి, న్యాయం కోసం గట్టిగా తిరిగారు. 1885లో కాంగ్రెస్ మొదటి సభకు వెళ్లినవారిలో ఆయన ఒకరు. కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. నిందితుడైన సిపాయి నిర్దోషిగా బయటికొచ్చాడు.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. దానికి పదేళ్ల ముందే ఇల్బర్ట్ బిల్లు మీద తెల్లవాళ్లు పెద్ద గొడవ చేశారు. దేశీయ జడ్జి ముందు తాము నిలబడేది ఏంటని వాళ్ల పట్టు. చివరికి కనీసం సగం మంది తెల్లవాళ్లే ఉండే జ్యూరీని అడిగే హక్కు దక్కించుకున్నారు. అలాంటి రోజుల్లో ఒక గేటు మ్యాన్ ప్రాణానికి కోర్టులో ఎంత విలువ ఉంటుంది?

కోర్టు ఇవ్వనిది జనం ఇచ్చారు. గుత్తిలో హంపన్న పేరుతో రాయి నిలబెట్టారు. ఇవాళ హైదరాబాద్–బెంగళూరు హైవే మీద వెళ్లే బస్సులూ కార్లూ గుత్తి దాటిపోతూనే ఉంటాయి. ఆ రాయి సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

అదే గుత్తిలో ఇంకో చావు జ్ఞాపకమూ ఉంది. దత్తమండలాల మొదటి కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ముందు గుత్తిలోనే పూడ్చారు. తర్వాత మద్రాసు కోట చర్చికి తీసుకెళ్లారు. ఆయన పేరుతో సర్కారే గుత్తిలో సత్రం కట్టించింది. మద్రాసులో గుర్రం మీద విగ్రహం సరేసరి. మన్రో రైతుకు మంచి చేశాడని ఇక్కడ పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు, కాదనక్కర్లేదు. కానీ గవర్నరు జ్ఞాపకానికి ఖజానా ఉంది. గేటు మ్యాన్‌కు ఊరే దిక్కు.

కొండ మీద కోట సంగతి చూడండి. 1775–76లో హైదర్ అలీ ముట్టడిస్తే మురారి రావు వారాల తరబడి నిలబడ్డాడు. చివరికి కోటలో నీళ్లు అయిపోయాయి, లొంగిపోక తప్పలేదు. ఈ కథను హిందూ ముస్లిం యుద్ధంగా చెప్పేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. అనంతపురం వాళ్లకు మాత్రం అసలు కారణం వెంటనే అర్థమవుతుంది, నీళ్లే. మన పురావస్తు శాఖ నీలం బోర్డుల్లో రక్షిత కట్టడం, పాడుచేస్తే జరిమానా అన్న మాటలే ముందు కనబడతాయి, చరిత్ర తక్కువ. ఆ ఖాళీలోకే వాట్సాప్ కథలు దూరుతున్నాయి.

అందుకే హంపన్న పేరు స్టేషన్‌లో రాస్తే వీరుడు అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. తేదీ రాయాలి, కేశవ పిళ్లై పేరు రాయాలి, నిందితుడు విడుదలయ్యాడన్నదీ రాయాలి. ఆ చివరి ముక్క లేకపోతే సగం కథే. తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, కాబట్టి ఇది ఎవరి దయా కాదు. పైగా మస్తాన్ వలీ దర్గాకు ఇటు సీమ నుంచీ అటు కర్ణాటక నుంచీ అన్ని మతాలవాళ్లూ వస్తారు. వాళ్లలో చాలామంది దిగేది ఈ స్టేషన్‌లోనే.

డీఆర్‌ఎం ఆఫీసు గుంతకల్లులోనే ఉంది. రైల్వే యూనియన్లు, దర్గా పెద్దలు, గుత్తి వకీళ్లు కలిసి ఒక్క అర్జీ మీద సంతకాలు పెడితే చాలు. బోర్డులు రాయించకముందే ఇవ్వాలి.