మీటరు లేనోళ్ల మాట ఎవరు వినాలె?

ఖైరతాబాద్‌లో విద్యుత్ సౌధ ఉంది. దాని దగ్గర్లోనే మింట్ కాంపౌండ్ ఉంది. ఏ ఊరికి ఎన్ని గంటలు కరెంటు, ఎవరికి ఎంత బిల్లు అనే లెక్కలు ఏండ్ల తరబడి ఇక్కడే తయారవుతున్నయి. ఆ లెక్కల మీద విచారణ జరిపే విద్యుత్ నియంత్రణ కమిషన్ కూడా చాలా ఏండ్లు పక్కనే రెడ్‌హిల్స్‌లో, సింగరేణి భవన్‌లో నడిచింది. ఇదే ఖైరతాబాద్‌లో చింతల్ బస్తీ ఉంది, ఎం.ఎస్. మక్తా ఉంది. ఆఫీసులకూ బస్తీలకూ మధ్య దూరం నడిచి పోయేంతే. కానీ బస్తీ మాట ఆ లెక్కల్లోకి పోయే తొవ్వ ఏది? మేము అడుగుతున్నది అదే.

కరెంటు విషయంలో ‘ప్రజల భాగస్వామ్యం’ అనే మాట సంస్కరణలతో పాటే వచ్చింది. 1998లో సంస్కరణల చట్టం చేశారు. 1999లో విద్యుత్ బోర్డును చీల్చి జెన్‌కో, ట్రాన్స్‌కో అన్నారు. ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చారు. ఇకమీదట రేట్లు పెట్టేది ప్రభుత్వం కాదు కమిషన్, అది కూడా జనం అభ్యంతరాలు విన్నాకనే అన్నారు. 2000లో రేట్లు పెరిగినయి. జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న చలో అసెంబ్లీకి వచ్చిన వాళ్ల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయినయి. హాల్లో చెవికెక్కని మాట రోడ్డు మీదికొస్తే తుపాకీ జవాబు చెప్పింది.

ఆ తర్వాత 2003లో కేంద్రం కొత్త విద్యుత్ చట్టం చేసింది. అందులో 64వ సెక్షన్ ప్రకారం రేట్ల ప్రతిపాదనను పేపర్లో వెయ్యాలె, జనం చెప్పిన సూచనలు, అభ్యంతరాలు చూసినంకనే కమిషన్ ఉత్తర్వు ఇయ్యాలె. 87వ సెక్షన్ ప్రకారం 21 మందికి మించకుండా రాష్ట్ర సలహా కమిటీ ఉండాలె. అందులో ఎవరెవరి తరఫున మనుషులు ఉండాలో కూడా చట్టమే రాసింది: వాణిజ్యం, పరిశ్రమ, రవాణా, వ్యవసాయం, కార్మికులు, వినియోగదారులు, స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు. వరస బాగానే ఉంది. వాడ ఎక్కడ? ‘వినియోగదారులు’లో మీరు కూడా ఉన్నారు కదా అంటారు. మీటరు తన పేరు మీద లేనోడు ఏ కాగితం మీద వినియోగదారుడు?

ఇది మాటల గారడీ కాదు, పైసల లెక్క. 2022-23లో తెలంగాణ కమిషన్ ఖరారు చేసిన ఇంటి రేట్లు చూడండి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూపాయి 95 పైసల చొప్పున, ఆ పైన 3 రూపాయల 10 పైసలు. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 పైన 7 రూపాయల 70 పైసలు. ఇప్పుడు ఒక ఇంట్ల మూడు అర్రల్లో మూడు కుటుంబాలు కిరాయికి ఉన్నయి అనుకుందాం. ఒక్కో కుటుంబం 80 యూనిట్లు వాడుతుంది. ఎవరి మీటరు వాళ్లకుంటే ఒక్కొక్కరికి 190 రూపాయల 50 పైసలు, ముగ్గురికీ కలిపి 571 రూపాయల 50 పైసలు. మూడు కుటుంబాలకూ మీటరు ఒకటే అయితే 240 యూనిట్లకు 1,328 రూపాయలు! ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. వాడింది ఫ్యాను, బల్బు, టీవీ. పడింది బంగళా రేటు.

2024లో గృహజ్యోతి వచ్చింది. రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మంచిదే, మేము కాదనం. కానీ పై లెక్కలో మూడు మీటర్లుంటే, రేషన్ కార్డులు కూడా ఉంటే, ముగ్గురికీ జీరో. ఒకే మీటరుంటే 240 కాబట్టి ఎవ్వరికీ రాదు. పేదోని కోసం పెట్టిన పథకం పేదోని గడప దాకా వచ్చి, మీటరు చూసి వెనక్కి పోతున్నది.

డిమాండ్ పెరిగినప్పుడల్లా అందరం పొదుపు చెయ్యాలె అని చెప్తారు. 2025 మార్చిలో తెలంగాణ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. అందులో ఏసీల వాటా ఎంత, ఒక ఫ్యాను తిరిగే అర్ర వాటా ఎంత? 2012 కరెంటు కొరతలో కమిషన్ పరిశ్రమలకు కోటాలు పెట్టింది. వాళ్ల సంఘాలు పోయి వాదించుకున్నయి. మరి పల్లెల్లో కోతలు రాజధాని కంటే ఎక్కువ గంటలుంటే, ఏ గంటకు తీస్తే మీ పిల్లల చదువు ఆగదు అని వాడకొచ్చి అడిగినోళ్లు ఎవరు? కలిసి పాలించుడు అంటే లోటు వచ్చినప్పుడు కలిసి మొయ్యమనుడు ఒక్కటే కాదు. పంచేటప్పుడు కూడా కలిసి కూసోవాలె.

ఈ దేశంలో కరెంటు విధానం మొదలైన నాడు ఆ కుర్చీలో ఉన్నది బాబాసాహెబ్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా విద్యుత్తు కూడా ఆయనే చూశారు. 1943 అక్టోబర్‌లో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన కరెంటు చౌకగా, సమృద్ధిగా దొరకాలన్నారు. పరిశ్రమల కోసం కరెంటు, పేదరికం పోవడానికి పరిశ్రమలు అని వాదించారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయనకు 125 అడుగుల విగ్రహం పెట్టి 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. విగ్రహానికి దండం పెట్టే పాలకులు ఆయన అడిగిన దానికి జవాబు చెప్పాలె.

మా డిమాండ్లు నాలుగు. ఒకటి, 43వ సెక్షన్ ఇంటి ఓనరుకే కాదు, అందులో ఉండేవాళ్లకు కూడా కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. కిరాయి కుటుంబానికి దాన్ని అమలు చెయ్యాలె. రెండు, బహిరంగ విచారణలు బస్తీల్లో, వాడల్లో కూడా పెట్టాలె, తెలుగులో, ఉర్దూలో నడపాలె. మూడు, సలహా కమిటీలో దళిత వాడల తరఫున, బస్తీల తరఫున మనుషులు ఉండాలె. నాలుగు, కోత పెట్టక తప్పకపోతే ఏ ఫీడరుకు ఎన్ని గంటలో ముందే చెప్పాలె, పిల్లలు చదువుకునే గంటలు వదిలెయ్యాలె.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. రేట్ల ప్రతిపాదన ప్రకటన పేపర్లో పడంగనే ప్రతి అంబేద్కర్ సంఘం ఒక అభ్యంతరం రాయాలె. ఇంగ్లీషు రాదని ఆగొద్దు, తెలుగులోనే రాయండి. మీ వాడలో ఎన్ని ఇండ్లు, ఎన్ని మీటర్లు, ఒక్కో మీటరు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నయో లెక్క తియ్యండి. ఆ కాగితం పట్టుకొని విచారణకు పోదాం. వినే దాకా కూసుందాం.