చూడకపోతే లేనట్టేనా?

తిరువూరు పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు మా లంబాడా కుటుంబాలను ఏళ్ల తరబడి పీల్చి పిప్పి చేస్తోంది. డయాలసిస్‌కు తిరిగి తిరిగి అప్పులపాలైన ఇళ్లెన్నో. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద, సిలికా మీద అనుమానం ఉంది. అయినా తండా అనగానే కొందరి నోట ముందొచ్చే మాట సారా, తర్వాత నొప్పి మాత్రలు. మా అలవాట్లు లెక్కపెట్టడానికున్న ఓపిక మా నీళ్లను పూర్తిగా పరీక్షించడానికి ఎందుకు లేదని అడుగుతున్నాం.

పరీక్షలు చేశాం కదా అంటారు. ఏ పరీక్షలు? ఫ్లోరైడ్ రాళ్ల నుంచి నీళ్లలోకి దిగేది. దానివల్ల వచ్చే జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సరేనని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతోంది. రంగు మారే కిట్‌తో ఊళ్లోనే చూడొచ్చు.

ఫ్లోరిన్‌తోనే తయారయ్యే పీఫాస్ రసాయనాల సంగతి వేరు. ఇవి రాళ్లలో పుట్టవు, ఫ్యాక్టరీల్లో పుడతాయి. అంటుకోని పెనాల్లో, తడవని బట్టల్లో, మంటలార్పే నురగలో వాడారు. కార్బన్, ఫ్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగదు గనుక నీళ్లలోనూ ఒంట్లోనూ ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వీటిలో పీఎఫ్‌ఓఏ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2023లో తేల్చింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా దీనికి పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. అంటే మన ఫ్లోరైడ్ హద్దులో రెండున్నర లక్షల వంతు! ఏ కిట్‌కూ ఇది కనబడదు. మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న పెద్ద ల్యాబ్ కావాలి. శాంపిల్ పట్టే సీసాకు టెఫ్లాన్ మూత కూడా ఉండకూడదు.

మా బోర్లలో పీఫాస్ ఉన్నాయని మేం అనడం లేదు. లేవని చెప్పే హక్కు కూడా చూడనివాళ్లకు లేదంటున్నాం. 2012 నాటి మన తాగునీటి ప్రమాణంలో పీఫాస్‌కు హద్దే రాయలేదు. కాబట్టి 'అన్నీ హద్దులోపే' అన్న రిపోర్టుకు అర్థం ఒక్కటే: జాబితాలో ఉన్నవి మాత్రమే చూశారు. ఉద్దానంలో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కిడ్నీ జబ్బుకు అసలు కారణం తేలలేదు. ఒక్క అనుమానం దగ్గరే ఆగిపోతే మాకూ అదే గతి.

మేం అడిగేవి ఇవి. ప్రతి తండా బోరునూ వానలకు ముందు, తర్వాత పరీక్షించాలి. ఫ్లోరైడ్, సిలికా, భార లోహాలు, పురుగుమందులు అన్నీ చూడాలి. కొన్ని బోర్లలోనైనా పీఫాస్ పరీక్ష చేయించాలి. ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా శుద్ధమైన నీళ్లు ఇప్పుడే ఇవ్వాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, శాంపిల్ తీసుకెళ్లిన ప్రతిసారీ బోరు గుర్తు, తేదీ రాసుకోండి. రిపోర్టు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఉపాధ్యాయులారా, వచ్చిన అంకెలను తెలుగులో బడి గోడ మీద రాయించండి. పిల్లలకు మిల్లీగ్రాముకూ నానోగ్రాముకూ తేడా ఆ గోడ దగ్గరే నేర్పండి. మా నీళ్ల లెక్క మా చేతికి రావాలి.