ఎద్దులకున్న జాగ్రత్త మన కాళ్లకు వద్దా?

పోయిన నెల గోడపత్రికలో అందరూ పరీక్షల గురించి రాశారు. నేను కాళ్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది. హోళీ వస్తాంది, ఉగాది వస్తాంది, ఆటల పోటీలకు మూడు వారాలే ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు బెల్లు కొట్టగానే మనం ఏం చేస్తున్నాం? పొద్దున్నుంచి నేల మీద కూర్చొని తిమ్మిరెక్కిన కాళ్లతోనే గ్రౌండుకు పరుగో పరుగు. పోయీ పోగానే ఖోఖో. అయిదు నిమిషాలు కాకముందే ఎవరో ఒకరు పిక్క పట్టుకొని కూలబడతారు. మా రూములో ఇప్పుడు నలుగురు కుంటుతున్నారు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకు నేను మా నాయనతో పోయి బండలాగుడు చూసినాను. బండ కట్టకముందు ఎద్దులను మెల్లగా అటూ ఇటూ నడిపిస్తా ఉన్నారు. ఎందుకు నాయనా అంటే, "కాళ్లు వేడెక్కాల గదమ్మా, లేకుంటే నరం పట్టేస్తాది" అన్నాడు. చిన్న బండతో మొదలుపెట్టి నెలల తరబడి అలవాటు చేసినాకే పెద్ద బండ కడతారంట. మా తండాలో హోళీకి ఆడవాళ్లు ఆడేటప్పుడు కూడా అంతే. మొదట మెల్లగా అడుగు వేస్తారు, పాట ఊపు అందుకున్నాకే గిర్రున తిరుగుతారు. మరి మనకెందుకు ఇంత తొందర?

పోయిన సంవత్సరం ఖోఖోలో నా జోడీగా ఆడిన పిల్ల మీకందరికీ గుర్తు ఉంటుంది. మన గ్రౌండు నల్లరేగడి. ఎండలు ముదిరితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలో ఆమె కాలు ఇరుక్కొని మెలిక పడింది. జట్టులోంచి పేరు తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. రాత్రి వేడినీళ్లు పోసి, నూనె రాసి గట్టిగా తోమినాము, లాగినాము. మూడో రోజుకు కాలు గుమ్మడికాయ అయింది. ఆదోనికి తీసుకుపోయి ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లిందన్నారు. వాళ్ల ఇంట్లోవాళ్లు అప్పటికే మిరప కోతకు గుంటూరు దిక్కు పోతున్నారు. ఒక్కదాన్నే యాడ వదిలేది అని కట్టుతోనే వెంట తీసుకుపోయారు. పరీక్షలకు రాలేదు. ఈ యేడు కూడా రాలేదు.

కాలు బెణికిన వెంటనే తోమకూడదని, వేడి పెట్టకూడదని నాకు తర్వాత నర్సమ్మ చెప్పింది. లోపల తెగిన చోట తోమితే వాపు ఇంకా పెరుగుతుంది. ఆట ఆపేయాలి. కుండలో చల్లనీళ్లతో గుడ్డ తడిపి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి, మళ్లీ కొంతసేపటికి పెట్టాలి. పడుకొని కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. మొదటి రెండు రోజులు ఇంతే. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే అదే రోజు ఎక్స్‌రేకు పోవాలి. మూడో రోజు కాదు.

"మా కాలంలో ఇవన్నీ యాడివి" అని పెద్దవాళ్లు అంటారు. మా యాడి కూడా అంటుంది. ఆమె శనక్కాయ పీకేటప్పుడు, మిరపకాయ కోసేటప్పుడు పొద్దున వంగితే మాపటికి లేస్తుంది. నడుము నొప్పికి మాత్ర మింగి మళ్లీ వంగుతుంది. మధ్యలో నిలబడి నడుము చాపితే వెనక పడుతుంది, కూలి తగ్గుతుంది. ఆమెకు వేరే దోవ లేదు. మనకేం పోతుంది? ఆటకు ముందు అయిదు నిమిషాలు నడిచి, మడమలు, మోకాళ్లు తిప్పుకుంటే ఎవరి కూలీ తెగదు.

మాలావత్ పూర్ణ అక్క మన లంబాడీ పిల్లే, గురుకులంలోనే చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేటప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. బస్సు దిగి నేరుగా ఎక్కలేదు. ముందు భువనగిరి గుట్ట మీద నేర్చుకుంది, తర్వాత డార్జిలింగు, లడాఖ్. మనమేమో ఒకే పూటలో ఆదోని రణమండల కొండ ఎక్కి దిగి, మర్నాడు హాస్టలు మెట్లు దిగలేక గోడలు పట్టుకొని ఏడ్చినాము. (నేను ఎక్కువ ఏడ్చినాను, ఒప్పుకుంటున్నాను.)

మేడమ్ గారూ, మీరు కోప్పడకపోతే మూడు మాటలు. మార్చి ఎండలో నాలుగు గంటలకు నేల కాలుతుంది, ఆటను అయిదింటికి మార్చండి. గ్రౌండు దగ్గర ఒక నీళ్ల కుండ పెట్టించండి. అన్నిటికంటే ముఖ్యం, నొప్పి అని చెప్పిన పిల్లను తిట్టవద్దు, జట్టులోంచి పేరు కొట్టేయవద్దు. కాలు బాగైనాక మళ్లీ ఆడనిస్తామని ముందే అసెంబ్లీలో అందరికీ చెప్పండి. అట్ల చెప్పి ఉంటే ఆ రోజు నేను నోరు మూసుకొని ఉండేదాన్ని కాదు.

నెర్రెల సంగతి మేము చూసుకుంటాము. వచ్చే ఆదివారం టిఫిను అయినాక నేను, ఎనిమిదో తరగతి చెల్లెళ్లు ఇద్దరు మట్టి మోసి పూడుస్తాము. వంట అక్క రెండు గంపలు ఇస్తానంది. ఇంకో రెండు కావాల.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని